ఓడ దిగిన వస్తువునకు ఉత్తరవాది ఎవరు?

బంగాళాఖాతము నడుమ వెలసిన అండమాను దీవులలో మోటారు కార్లను నిర్మించు కర్మాగారము లేదు. పోర్ట్ బ్లెయిర్ వీథులలో నేడు తిరుగుచున్న ప్రతి కారును ఏదో యొకనాడు ఓడనెక్కి సముద్రము దాటివచ్చినదే. చెన్నపట్టణమునుండి గాని విశాఖపట్టణమునుండి గాని ఇంచుమించు 1,200 కిలోమీటర్ల జలమార్గము; కలకత్తానుండి అంతకంటె కొంచె మెక్కువ. కర్మాగారపు ఆవరణలో తొలిసారి తాళము త్రిప్పిన చోదకుడు, ట్రైలరుపై నెక్కించి పట్టాలు బిగించినవాడు, రేవు గిడ్డంగిలో కాపున్నవాడు, ఓడలోనికి చేర్చిన కళాసీలు, అలల ఊపునకు కదలకుండ కట్టివేసిన నావికులు, పోర్ట్ బ్లెయిర్ నందలి హాడో రేవులో దింపినవారు, షోరూమునకు నడిపి తెచ్చినవాడు, తుడిచి మెరుగుపెట్టిన పనివాడు - ఇందరి చేతులు దాటిన పిదపనే ఆ బండి కొన్నవాని చేతికి వచ్చును. అతడు దానికి పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చక్రముల క్రింద నిమ్మకాయలు త్రొక్కించి ఇంటికి తెచ్చుకొనును. మరునాటి ఎండలో తలుపుమీద ఒక సన్నని గీతయో, పైకప్పున వ్రేలికి తగులు సొట్టయో కనబడినచో, ఆ నిమిషమున పుట్టెడి ప్రశ్న ఒక్కటే: ఇది ఎవరి పని?

చూచినవారు లేరు. అడుగగా ప్రతివాడును, తన చేతికి వచ్చునప్పటికే అది అట్లున్నదనియో, తన చేతినుండి పోవునప్పుడు చక్కగనే యున్నదనియో చెప్పును. ఈ రెండు మాటల నడుమ, గొలుసులోని ఏదో యొక కడియముకడ సత్యము దాగియుండును. కారు కొత్తది కావచ్చును గాని ప్రశ్న కొత్తది కాదు. సాక్షి లేని నష్టమునకు ఉత్తరవాదిని నిర్ణయించుట ఎట్లని మనుష్యులు ఓడలపై సరకులు పంపుట మొదలుపెట్టిన నాటినుండియు విచారించుచునే యున్నారు. వారు కనుగొన్న సమాధానములు దేశకాలములను బట్టి వేరువేరుగా నున్నను, వాని అంతరార్థ మొక్కటియే యని చరిత్రను పరిశీలించినవారికి తోపకపోదు. సముద్రమే జీవనాడియైన పోర్ట్ బ్లెయిర్ పట్టణమునకు ఆ చరిత్ర పరాయిది కాదు.

కౌటిల్యుని అర్థశాస్త్రములో నావధ్యక్షుని ధర్మములను చెప్పు ప్రకరణమొకటి కలదు. తగినంతమంది మనుష్యులు గాని పనిముట్లు గాని లేకుండుటచేతనో, మరమ్మతు చేయింపకుండుటచేతనో నావ చెడిపోయి సరకు నష్టమైనచో, ఆ నష్టమును నావధ్యక్షుడే పూరింపవలెనని అందు విధింపబడినది. పెనుగాలికి చిక్కి రేవు చేరిన నావను తండ్రివలె ఆదరింపవలెననియు, నీట తడిసిన సరకునకు సుంకము మానుటయో సగము చేయుటయో తగుననియు అదే ప్రకరణము చెప్పుచున్నది. సముద్రము చేసిన హానిని, మనిషి ఉపేక్ష చేసిన హానిని వేరుచేసి చూచుటకు ఇంత పూర్వకాలముననే ప్రయత్నము జరిగినదన్నమాట. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయము ఇంకొక అడుగు ముందునకు వేసినది. పడవవారి తప్పువలన పడవలో ఏ వస్తువు పాడైనను దానిని పడవవారందరును తమ తమ వంతుల చొప్పున కలసి ఇచ్చుకొనవలెను. దైవికముగా కలిగిన హానికి మాత్రము వారికి దండన లేదు. తప్పు పడవలోని వారిదని తెలిసియు, వారిలో ఏ యొక్కనిదో తెలియనప్పుడు, బలహీనుడైన ఒక్కని తలపై భారమంతయు మోపక, కూలిని పంచుకొన్నవారే నష్టమును కూడ పంచుకొనవలెనను ఈ నియమములో లోకానుభవమెంతయో కలదు. ఒకనిని పట్టి నేరము మోపుట సులభము. అందరిని కలిపి అడిగినప్పుడు నిజము తెలిసినవాడు నోరు విప్పుటకును, రాబోవు కాలమున ఒకరి పనిని ఒకరు కనిపెట్టియుండుటకును అవకాశము కలుగును.

తెలుగుదేశపు తీరమునకు వచ్చినచో మన చరిత్రలో ఉజ్జ్వలమైన శాసనమొకటి కనబడును. కాకతీయ గణపతిదేవుడు క్రీ.శ. 1244 ప్రాంతమున మోటుపల్లి రేవునందు వేయించిన అభయశాసనమది. అంతకు పూర్వము రాజులు, ఒక ద్వీపమునుండి మరియొక ద్వీపమునకు పోవుచు తుపానుకు చిక్కి తీరమున పడిన ఓడలలోని ధనకనకములను, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను బలాత్కారముగా తమ వశము చేసికొనుచుండిరనియు, ప్రాణములకంటె ధనము ప్రియమైనదని తలంచి సముద్రయానమునకు సాహసించిన వర్తకులపై దయతో తాము, కీర్తికొఱకును ధర్మముకొఱకును, నియతమైన సుంకము తప్ప మిగిలినదంతయు ఆ వర్తకులకే విడిచితిమనియు గణపతిదేవుడు ప్రకటించెను. ఆ సుంకము కూడ ముప్పదింట ఒక వంతుగా నిర్ణయింపబడినది. ఈ శాసనమును సుంకపు దృష్టితోనే చదువుట వాడుక. కాని ఉత్తరవాదిత్వపు దృష్టితో చదివినచో మరియొక విశేషము తెలియవచ్చును. వస్తువు చేతికి చిక్కినంత మాత్రమున, చిక్కించుకొన్నవానికి దానిపై స్వామ్యము రాదు. చేతిలోనికి వచ్చిన పరాయి సొత్తును దాని యజమానునికి చేర్చుటయే బలవంతునకైనను ధర్మము. నూఱేండ్లు దాటిన పిదప, 1358లో, రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో సముద్రవర్తకులకు అభయమిచ్చుచు మరల శాసనము వేయించెను. రేవు అనునది నమ్మకముపై నిలుచుననియు, ఆ నమ్మకమును వ్రాతపూర్వకముగా ప్రకటింపవలెననియు తెలుగురాజు లెఱిగియుండిరి.

పాశ్చాత్యదేశములలో ఇదే ప్రశ్నను రోమను న్యాయాధికారులు మరింత కఠినముగా పరిష్కరించిరి. ఓడ నడుపువాడును, సత్రము నడుపువాడును, గుఱ్ఱపుశాల నడుపువాడును తాము భద్రముగా నుంచుటకై తీసికొన్న వస్తువును తిరిగి యీయకపోయినచో వారిపై వ్యాజ్యము చెల్లునని వారు శాసించిరి. పయనమైపోవు బాటసారి ఓడలోనో సత్రములోనో ఏమి జరిగినదో తెలిసికొనలేడు. ఓడవాడు దొంగతో కుమ్మక్కయినను నిరూపింపలేడు. కావున తెలిసికొనగలవానిపైననే భారము మోపవలెనని వారి తర్కము. ఓడ మునుగుట, సముద్రపు దొంగలు దోచుట మున్నగు అనివార్యమైన ఆపదలు మాత్రము మినహాయింపు. ఇంగ్లండులో 1703లో ప్రధానన్యాయమూర్తి హోల్టు, కూలికి సరకు మోయు రవాణాదారుడు దైవికమైన ఆపదకును, రాజు శత్రువుల చర్యకును తప్ప మిగిలిన ప్రతి నష్టమునకును ఉత్తరవాదియే యని స్పష్టముగా పలికెను. 1785లో మాన్స్‌ఫీల్డు ప్రభువు, ఎవరు ముట్టించిరో తెలియని అగ్నికి కూడ రవాణాదారుడే బాధ్యుడని తీర్పు చెప్పెను. కారణము తెలియనిచో ఆ తెలియనితనపు భారము వస్తువు ఎవరి స్వాధీనమున నుండెనో వానిపై పడవలెనని దాని సారము.

ఇక పోర్ట్ బ్లెయిర్ సంగతి. 1789లో ఆర్చిబాల్డు బ్లెయిర్ అను నౌకాధికారి చాథాం ద్వీపమున తొలి వలసను నెలకొల్పెను. 1792లో దానిని ఉత్తర అండమానుకు మార్చిరి. రోగములు ప్రబలుటచే 1796లో అదియు విడువబడినది. ఆ మీదట అఱువదేండ్లకు పైగా ఈ రేవు వలస లేని అరణ్యతీరముగనే యుండి, 1857 తిరుగుబాటు పిదప 1858 మార్చి 10న వాకరు అను వైద్యాధికారి రెండువందలమంది ఖైదీలతో వచ్చి దిగుటతో శిక్షాస్థానముగా మరల ప్రారంభమైనది. నాటినుండి ఎనుబదేండ్ల వఱకు ఈ రేవున దిగిన సరకునకు పంపువాడును, తెచ్చువాడును, పుచ్చుకొనువాడును చాలవఱకు ప్రభుత్వమే. అడవులు నఱకుట, బాటలు వేయుట, కట్టడములు కట్టుట మున్నగు శ్రమ యెల్ల ఖైదీలది. తెలుగు మన్యమునుండి, ముఖ్యముగా 1879 నాటి రంప పితూరీ తరువాత, కొందరు ఈ దీవులకు పంపబడిరి. 1883లో చాథాంలో రంపపుమిల్లు వెలసి, అండమాను పడాకు మ్రాను దేశదేశములకు ఎగుమతి కాజొచ్చెను. 1906 నాటికి సెల్యులరు జైలు పూర్తియైనది.

శిక్షాస్థానమున ఖైదీ మాటకు విలువ యెంత? వస్తువు పగిలినను, గీచుకొన్నను, తడిసినను, దానిని చివరగా ముట్టిన ఖైదీని పట్టుకొనుటకంటె పై అధికారికి సులభమైన ఉపాయము వేఱొకటి ఉండదు. వ్యాజ్యమాడుటకు హక్కు లేనివాడు, పత్రమున సంతకము చేయుటకు అవకాశము లేనివాడు, ఎవరు చేసినది యను ప్రశ్నకు నోరెత్తి జవాబు చెప్పలేనివాడు బరువు మోయునట్టి వ్యవస్థలో, నిదర్శనములేని నష్టము ఎల్లప్పుడును క్రిందివాని తలమీదికే జారును. ఉత్తరవాదిత్వమును గూర్చిన న్యాయశాస్త్రము వర్తకుల లాభముకొఱకే పుట్టినదని అనుకొనువారు, అది లేనిచోట నష్టమెవరికి కలుగునో ఈ దృష్టితో ఆలోచింపవలెను.

సముద్రమునకు తూర్పున బర్మాలో అదే కాలమున వేఱొక దృశ్యము కానవచ్చెను. రంగూను రేవులో ఓడలకెక్కించి దింపు కూలీలలో తెలుగువారు విశేషముగా నుండిరి. గోదావరీ ముఖమునందలి కోరంగి రేవు పేరుమీదుగనే వారిని కోరంగీలని అచ్చట పిలిచెడివారు. 1930 మే నెలలో వారు సమ్మె చేయగా వారి స్థానమున బర్మావారిని పెట్టుకొనుటయు, సమ్మె ముగిసిన పిదప ఆ బర్మావారిని తొలగించుటయు కారణములుగా రంగూనులో ఘోరమైన అల్లరులు చెలరేగినవి. అందు తెలుగుకూలీలు పెక్కుమంది ప్రాణములు గోల్పోయిరి. మన ప్రశ్నయు ఆ దేశముననే న్యాయస్థానమున కెక్కెను. ఐరావతీ నదిపై నడచు ఫ్లోటిల్లా కంపెనీ ఓడలలో సరకు నష్టమైనదని పుట్టిన వ్యాజ్యము లండనులోని ప్రీవీ కౌన్సిలు వఱకు పోయెను. 1891లో వెలువడిన ఆ తీర్పు భారతదేశపు రవాణాచట్టమునకు మూలస్తంభము. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము ఒకని వస్తువును భద్రపఱచుటకు తీసికొన్నవాడు సామాన్యవివేకి తన వస్తువును చూచుకొన్నంత శ్రద్ధ చూపిన చాలును. కాని కూలికి సరకు మోయువాని బాధ్యత అంతకంటె గొప్పదనియు, 1865 నాటి క్యారియర్ల చట్టము ఆ ప్రాచీన నియమమునే నిలిపినదనియు ప్రీవీ కౌన్సిలు నిర్ణయించెను. ఆ క్యారియర్ల చట్టము ప్రకారము సరకు పోగొట్టుకొన్నవాడు రవాణాదారుని ఉపేక్షను నిరూపింపవలసిన పని లేకుండెను. నష్టము కలిగినదని చూపిన చాలెడిది. 1872 నాటి సాక్ష్యచట్టము కూడ, ఒక విషయము ఎవరికి విశేషముగా తెలియునో దానిని నిరూపించు భారము వానిదేయని శాసించినది. రోమను న్యాయాధికారుల తర్కమే మరల ఇందు ధ్వనించుట గమనింపదగును.

కాని సముద్రముపై ఓడ యజమానులు ఈ భారమును తప్పించుకొనుటకు మార్గము కనుగొనిరి. సరకు నెక్కించుకొన్నట్లు వారిచ్చెడి బిల్ ఆఫ్ లేడింగ్ అను పత్రములో, ఇందుకు మేము బాధ్యులము కాము, అందుకు మేము బాధ్యులము కాము అని చిన్న అక్షరములతో నిబంధనలు చేర్చి చేర్చి, తుదకు కూలి పుచ్చుకొనుట తప్ప వేఱు బాధ్యత తమకు లేనంత దూరము పోయిరి. దీనిని అరికట్టుటకై అమెరికా 1893లో హార్టరు చట్టమును చేసినది. 1924 ఆగస్టు 25న బ్రసెల్సులో పెక్కుదేశములు కలసి హేగ్ నియమములను ఆమోదించినవి. మఱుసటి సంవత్సరమే, 1925లో, భారతదేశము ఆ నియమములను తన సముద్ర సరకు రవాణా చట్టములో చేర్చుకొనెను. అది విదేశములకు పోవు ఓడలకే గాక, భారతదేశపు ఒక రేవునుండి మరియొక రేవునకు పోవు ఓడలకును వర్తించునట్లు వ్రాయబడుటచే, చెన్నపట్టణమునుండి పోర్ట్ బ్లెయిర్ పోవు సరకు కూడ ఆ నీడలోనికి వచ్చినది. శతాబ్దము నిండిన పిదప 2025లో దాని స్థానమున కొత్త చట్టము వచ్చినను, నియమముల మూలస్వరూప మదియే.

ఆ నియమములలోని మర్మమును కొంచెము నిలిచి చూడవలెను. సరకు నెక్కించుకొనునప్పుడు దాని పైస్థితి కంటికెట్లు కనబడుచున్నదో ఓడవాడు పత్రములో వ్రాయవలెను. లోపమేమియు వ్రాయక శుభ్రమైన పత్రమిచ్చినచో, ఆ సరకు మంచిస్థితిలోనే తన చేతికి వచ్చినదని అతడొప్పుకొన్నట్లు. సొట్టయో గీతయో యున్నచో అక్కడనే వ్రాయవలెను. వ్రాయనిచో ఆ పిమ్మట పూర్వమే ఉండెనని చెప్పుట దుర్ఘటము. రేవున దిగిన పిదప సరకు పుచ్చుకొన్నవాడు నష్టమును పైకి కనబడునదైనచో అప్పుడే, కనబడనిదైనచో మూడు దినములలోపల, వ్రాతమూలకముగా తెలుపవలెను; తెలుపనిచో సరకు పత్రములో వర్ణించినట్లే చేరినదని ప్రాథమికముగా ఎంచబడును. ఇరుపక్షములును కలసి అచ్చటనే పరీక్షించియున్నచో ఆ నోటీసుకూడ అక్కఱలేదు. దావాకు గడువు ఒక సంవత్సరము. ఓడ లోపల గాక పైతట్టున పెట్టి తెత్తునని చెప్పి తెచ్చిన సరకును మాత్రము ఈ నియమములు కాపాడవు. ఉప్పునీటి తుంపురులకు ఎదురుగా నిలుచు పైతట్టున కారు పెట్టించుకొనువాడు ఈ భేదము నెఱిగియుండుట అవసరము.

1942 మార్చి 23న జపానువారు ఈ దీవులను ఆక్రమించుటతో ఓడల రాకపోకలు తలక్రిందులైనవి. 1945 అక్టోబరులో ఆ దుర్దశ తీరినది. స్వాతంత్ర్యము వచ్చిన పిదప శిక్షాస్థానము కేంద్రపాలిత ప్రాంతమై, తూర్పు బెంగాలు శరణార్థులును, తమిళులును, మలయాళులును, శ్రీకాకుళము, విశాఖపట్టణము మండలములనుండి తెలుగువారును వలసవచ్చి స్థిరపడిరి. 2011 జనగణనలో ఈ దీవులవారిలో ఇంచుమించు నూటికి పదుమువ్వురు తెలుగు మాతృభాషగా కలవారు. పోర్ట్ బ్లెయిర్ బజారులోను, చేపల రేవులోను, హాడో గట్టుమీదను తెలుగుమాట వినబడని దినము లేదు. 2004 డిసెంబరు 26 నాటి భూకంపమును సునామీయు రేవు కట్టడములకు హాని చేసినను అవి మరల నిలబడినవి. 2024 సెప్టెంబరులో పట్టణమునకు శ్రీవిజయపురమని ప్రభుత్వము పేరు పెట్టెను. ఇంతటి మార్పులలోను మారని దొక్కటే: బియ్యమునుండి సిమెంటువఱకు, ఔషధమునుండి మోటారుకారువఱకు సరకులు చాలవఱకు ఓడ దిగియే రావలెను.

ఇట్టి ద్వీపవాసికి 1930 నాటి సరకుల విక్రయ చట్టములోని ఒక చిన్న నియమము ప్రత్యేకముగా తెలియవలెను. వేఱు ఒడంబడిక లేనిచో, అమ్మినవాడు సరకును కొన్నవానికి పంపుటకై రవాణాదారుని చేతికిచ్చుటయే కొన్నవానికి ఇచ్చినట్లు సామాన్యముగా ఎంచబడును. కావున పోర్ట్ బ్లెయిర్ షోరూములో కొన్న కారునకు సముద్రములో కలిగిన గీత షోరూమువాని బరువు. చెన్నపట్టణమున కొని తానే ఓడపై తెప్పించుకొన్న కారునకు కలిగిన గీత కొన్నవాని బరువు. కాని అదే నియమము చివర ఒక రక్షణ యుంచినది. సముద్రమార్గమున పంపు సరకునకు బీమా చేయుట వాడుకయైనప్పుడు, కొన్నవాడు బీమా చేసికొనుటకు వీలుగా అమ్మినవాడు ముందుగా తెలుపవలెను. తెలుపనిచో ఆ సముద్రయానపు అపాయమంతయు అమ్మినవానిదే యగును. 1963లో భారతదేశము సముద్ర బీమా చట్టమును చేసికొనినది. బీమా నిజమునకు ఉత్తరవాదిని కనుగొనదు. నష్టపడినవానికి ముందుగా పరిహారమిచ్చి, ఆ మీదట నిజమైన ఉత్తరవాదిని వెదకి వసూలుచేయు భారమును తాను వహించును.

న్యాయశాస్త్రము ఇంతవఱకు తీసికొనివచ్చును. ఆ మీద మాట్లాడవలసినది కారు మేనే. 1924 ప్రాంతమున డ్యూకో అను నైట్రోసెల్యులోజు రంగు వచ్చి దినములు పట్టెడి పనిని గంటలకు తగ్గించుటతో కార్ల రంగు చరిత్రలో నూతనాధ్యాయము మొదలైనది. నేటి కొత్తకారునకు ఇనుపరేకుమీద తుప్పును నిరోధించు రసాయనపు పొర, విద్యుత్తు సహాయమున తొట్టిలో ముంచి పట్టించిన పూత, దానిపై ప్రైమరు, దానిపై రంగు, అన్నిటిపైన గాజువంటి స్వచ్ఛపు పూత ఉండును. ఇవన్నియు కలసినను మందము మిల్లీమీటరులో పదవవంతునకు ఇంచుమించు మాత్రమే. ఈ పలుచని కవచమే తనకు తగిలిన ప్రతిదెబ్బకును సాక్ష్యము వ్రాసికొనును. గోరు తగులని గీత పై స్వచ్ఛపు పూతలోనే యున్నదని చెప్పవచ్చును; ఇనుము కనబడునంత లోతైన గీతలో ఈ దీవుల ఉప్పుగాలికి తుప్పు త్వరలోనే పుట్టును గావున, తుప్పు నిండిన గీత నిన్న మొన్న పడినది కాదు. గీత లోపల మెరుగుమైనము తెల్లగా నిలిచియున్నచో, మెరుగుపెట్టుటకు పూర్వమే అది ఉండెను. తలుపు అంచున సొట్టయందు వేఱు రంగు అంటుకొనియున్నచో ప్రక్కబండి తగిలినదని ఊహింపవచ్చును. పైకప్పుమీద చల్లినట్లున్న ఎఱ్ఱని చుక్కలు ఇనుపరజను పడి తుప్పుపట్టిన గుర్తులు కావచ్చును. కట్టుపట్టా ఒరసినచోట గీతలు ఒకే దిక్కునకు వరుసగా నుండును. పూత మందమును కొలుచు చిన్నయంత్రమును రేకులపై నానించి చూచినచో, ఎక్కడైనను అంకె హఠాత్తుగా రెట్టింపైనచో, ఆ చోట మరల రంగు వేసిరని అనుమానింపవలెను.

ఈ చివరి సంగతియే అమెరికాలో గొప్ప వ్యాజ్యమునకు హేతువైనది. 1990లో అలబామా రాష్ట్రమున ఒక వైద్యుడు నలుబదివేల డాలర్లకు పైగా వెచ్చించి బీఎండబ్ల్యూ కారు కొనెను. తొమ్మిదినెలల పిదప మెరుగుపెట్టించుటకు తీసికొనిపోగా, కారునకు మరల రంగు వేయబడినదని బయటపడినది. మార్గమధ్యమున ఆమ్లవర్షము తగిలి పూత చెడగా, సంస్థ 601 డాలర్లు వెచ్చించి రంగు వేయించి, ఆ మాట చెప్పకయే కొత్తదిగా అమ్మినది. మరమ్మతు ఖర్చు ధరలో నూటికి మూడువంతులు మించనిచో చెప్పనక్కఱలేదని సంస్థ నియమము. జ్యూరీ నాలుగువేల డాలర్ల నష్టపరిహారమును, నలువదిలక్షల డాలర్ల దండనను విధింపగా, రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము దండనను సగము చేసెను. 1996 మే 20న అమెరికా సుప్రీంకోర్టు అదియు మితిమీరినదని కొట్టివేసెను. తుదకు దండన ఏబదివేలకు దిగెను. దండన పరిమాణమునందు న్యాయమూర్తులకు భేదాభిప్రాయము కలిగినను, ఒక విషయము ఈ వ్యాజ్యమువలన లోకమునకు తేటపడినది: నష్టము ఎవరు చేసినను, దానిని ఎఱిగి దాచినవాడు ఒక కొత్త తప్పును తానుగా చేసినవాడగును.

మన దేశమున 2011 ప్రాంతమున గోవాలో ఒక కొనుగోలుదారుడు, కొత్తదని తనకు చూపిన కారు 2009లో తయారైనదనియు, అప్పటికే వందలకొలది కిలోమీటర్లు నడచినదనియు, అడుగున తుప్పును పైన గీతలును కలవనియు వినియోగదారుల ఫోరమునకు పోయెను. ఫోరమును దాని పై కమిషనులును తయారీదారుని, విక్రేతను ఇరువురిని బాధ్యులను చేసినవి. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, టాటా మోటార్స్ సంస్థకును విక్రేతకును గల సంబంధము ఇరువురు స్వతంత్రుల నడుమ కొనుగోలు సంబంధమే గాని యజమాని-ప్రతినిధి సంబంధము కాదనియు, విక్రేత చేసినపని తయారీదారునకు తెలియునని నిరూపింపబడలేదనియు తయారీదారుని విడిచి, విక్రేత బాధ్యతను నిలిపినది. కారు ఏ చేతిలో నుండగా చెడినదో, ఆ చేతివాడే జవాబుదారి యను పురాతన సూత్రమునకు ఇది నేటి భాష్యము. 1986 నాటి చట్టమువలనను, 2020 జూలైలో అమలునకు వచ్చిన 2019 నాటి చట్టమువలనను సామాన్యుడు వినియోగదారుల కమిషనుకడకు పోవుటకు మార్గము సుగమమైనది. పోర్ట్ బ్లెయిర్ పట్టణముననే కమిషనును, కలకత్తా హైకోర్టు సర్క్యూట్ బెంచియు కలవు గావున, ద్వీపవాసి తన గీతకు న్యాయము వెదకుటకై సముద్రము దాటనక్కఱలేదు.

అయినను న్యాయస్థానమునకు పోవుట చివరి దారియే గాని మొదటి దారి కాదు. ఈ దీర్ఘచరిత్రలో నాకు కనబడిన సత్యము ఇంతమాత్రమే: గీత గీచినవానిని వెదకుట దాదాపు ఎల్లప్పుడును వృథాప్రయాస, వెదకవలసినది, గీత లేదని చివరగా సంతకము చేసిన చేతిని. ట్రైలరెక్కునప్పుడు, రేవున నిలిచినప్పుడు, ఓడలోనికి పోవునప్పుడు, హాడోలో దిగునప్పుడు, షోరూము చేరినప్పుడు, కొన్నవాని చేతికి పోవునప్పుడు - అప్పగింత జరిగిన ప్రతిచోటను ఇచ్చువాడును పుచ్చుకొనువాడును కలసి, వెలుతురులో, బండి చుట్టును తిరిగి చూచి, ఉన్న లోపమును ఉన్నట్లు వ్రాసి, ఇరువురును సంతకములు పెట్టినచో, మధ్యలో పడిన గీతకు ఉత్తరవాది తానే బయటపడును. కావున కొన్నవాడు కూడ దండ వేయుటకు ముందు, వాన వెలిసిన ఎండలో, మేనంతయు పొడిగా నుండగా చూచుకొని, కనబడినదానిని డెలివరీ కాగితముమీదనే వ్రాయించి తాళము పుచ్చుకొనవలెను. ఇంటికి తెచ్చిన పిదప కనబడినదైనను ఆలస్యము చేయక ఆ దినముననే ఛాయాచిత్రముతో వ్రాసి తెలుపవలెను. దినములు గడచినకొలది గొలుసులో చివరి కడియము తానే యగును.

ఈ వ్రాత ఆస్తిపరుని ధనమును కాపాడుటకు మాత్రమే కాదని చెప్పుటయే ఈ వ్యాసము నందలి నా ముఖ్యోద్దేశము. ఓడలోనుండి బండిని దింపిన కళాసీకిని, దానిని తుడిచిన పనివానికిని ఆ సంతకములే రక్షణ. పత్రము లేనిచోట పెద్దలందరును తప్పుకొని, చివరగా ముట్టిన పేదవాని కూలిలో కోత పడును. పత్రమున్నచోట అతడు తలయెత్తి, నా చేతికి వచ్చునప్పటికే గీత ఉన్నది, ఇదిగో చూడుడు, అని చెప్పగలడు. మనువు పడవవారందరిని కలిపి బాధ్యులను చేసినను, రోమనులు ఓడవానిపై భారము మోపినను, హేగ్ నియమములు పత్రమును ప్రమాణము చేసినను, అందరును కోరినది నోరులేనివానిపై నేరము పడకుండుటయే. ఒకప్పుడు ఖైదీల చెమటతో నడచిన ఈ రేవున, నేడు స్వతంత్రులైన శ్రామికులు పనిచేయుచున్న ఈ గట్టుమీద, ప్రతి అప్పగింతను వ్రాసి సంతకము చేయు ఆచారము కన్న గౌరవప్రదమైన ఆచారము మరియొకటి లేదు. దానిని అలవఱచుకొనుట షోరూమువానికిని, ఓడవానికిని, కొన్నవానికిని సమానమైన ధర్మము.